సముద్రం ఒడ్డున కొలువు

కరీబియన్ ద్వీపం బార్బడోస్ 2020లో ‘వెల్‌కమ్ స్టాంప్’ వీసా తెచ్చింది. 50 వేల డాలర్ల వార్షికాదాయం వస్తుందని రాసిచ్చి, 2 వేల డాలర్లు కడితే ఏడాదిపాటు కడలి ఒడ్డే ఆఫీసు.

ఈ వీసా పుచ్చుకున్న దొరవారు ప్రశాంతత కోసమే దిగుతారు. దిగగానే మొదటి ప్రశ్న: వైఫై స్పీడెంత?

మిలిటరీ రంగుల నిక్కరు వేస్తే అక్కడ నేరం. పసిపిల్లలకూ మినహాయింపు లేదు. పెట్టె సగం ఖాళీ!

కొట్లోకి వెళ్తే ముందు ‘గుడ్ మార్నింగ్’ అనాలి. అనకుండా ధర అడిగితే బేరం సంగతి తర్వాత, ముందు ఆ చూపు తట్టుకోవాలి.

వానలో మాంచినీల్ చెట్టు కింద నిలబడితే ఒళ్లంతా బొబ్బలే. హెచ్చరికగా మానుకు ఎర్ర పట్టీ వేస్తారు. అయ్యగారు దాన్నే ఆనుకుని సెల్ఫీ దిగుతారు.

తీరానికి కొట్టుకొచ్చిన సర్గాసమ్ నాచు కుళ్లిన గుడ్ల కంపు. ఫర్వాలేదు, జూమ్‌లో వాసన రాదు. వెనకాల నీలి సముద్రం చూసి ఆఫీసంతా కుళ్లుకుంటుంది.

సాయంత్రం కాగానే ఊరివాళ్లు ఈతకు దిగుతారు. అయ్యగారికి ఇంకో మీటింగుంది. ఊరివాళ్లకు ఆ వీసా లేదుగా పాపం!