రెండేళ్లు కళ్లు మూసుకోండి

పదో తరగతి పరీక్షలు మొదలుకాకముందే కార్పొరేట్ కాలేజీ పీఆర్వో మన గుమ్మంలో చెప్పులు విడుస్తాడు. మన పాప మార్కులు మనకంటే ఆయనకే బాగా తెలుసు. మంచినీళ్లు తాగి, ఫీజులో రాయితీ సంగతి గొంతు తగ్గించి చెప్పి, చివర్లో అసలు మంత్రం వేస్తాడు: "ఒక్క రెండేళ్లు కళ్లు మూసుకోండి సార్. తర్వాత పాప లైఫ్ సెటిల్." పంచాంగంలో రాజపూజ్యం మీద కూడా మనకు ఇంత గురి లేదు. ఇక్కడో చిన్న మెలిక ఉంది. కళ్లు మూసుకోమనేది మనల్నే. పాపను మాత్రం రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంచమంటారు.

పోనీ, తెరిచిన కళ్లతో ఒకసారి లెక్క వేద్దాం. డాక్టరమ్మ కావాలంటే ఇంటర్ రెండేళ్లు. నీట్‌లో ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్. దానికీ అదే పీఆర్వో వస్తాడు, ఈసారి "ఒక్క ఏడాదే సార్" అంటాడు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ. అక్కడితో ఆగితే పెళ్లిచూపులకొచ్చినవాళ్లు "ఉత్త ఎంబీబీఎస్సేనా?" అని పకోడీ పక్కన పెట్టేస్తారు. కాబట్టి పీజీ సీటుకు మళ్లీ కోచింగు, సీటొచ్చాక మూడేళ్లు. గుండె జబ్బుల స్పెషలిస్టు కావాలనుకుంటే డీఎం ఇంకో మూడేళ్లు. లాంగ్ టర్మ్ లేకుండా, మధ్యలో ఒక్క రోజూ పోకుండా చదివినా, పదో తరగతి తర్వాత పదమూడున్నరేళ్లు! గుండె చూసే మనిషి అన్నేళ్లు చదవాలనే నేనూ కోరుకుంటాను. నా పేచీ అల్లా ఆ పదమూడున్నరను రెండుగా చూపించి అడ్వాన్సు వసూలు చేయడం మీదే.

పైగా ఆ రెండు కూడా రెండు కావు. ఐఐటీ ఫౌండేషన్ ఆరో తరగతిలోనే మొదలవుతోంది కదా, ఇంటర్ అయ్యేసరికి ఏడేళ్లు. ఆ తర్వాత నాలుగేళ్ల బీటెక్. అది చేతికొచ్చాక ఉద్యోగానికి పనికొచ్చే ముక్క నేర్చుకోవడానికి మూడు నెలలు అమీర్‌పేట. ఆ నాలుగేళ్లలో ఏం నేర్పారని అడిగితే మర్యాదగా ఉండదు.

ప్లీడరు చదువు ఇంటర్ తర్వాత ఐదేళ్లు, డిగ్రీ తర్వాతైతే మూడేళ్లు. బార్ కౌన్సిల్ పరీక్ష గట్టెక్కాక సీనియరు గారి ఫైళ్లు మోసే కాలం ఏ సిలబస్‌లోనూ ఉండదు. నేరుగా జడ్జి పరీక్ష రాద్దామనుకున్నవాళ్లకు సుప్రీంకోర్టు 2025 మేలో మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను మళ్లీ తెచ్చింది. సీఏ ఆర్టికల్‌షిప్‌ను 2023లో మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు. ఫైనల్ గ్రూపులకు మాత్రం ఆ కబురు ఎవరూ అందించినట్టు లేదు.

ఇన్ని చెప్పే పీఆర్వో "పాపను టీచర్ని చేయండి" అని మాత్రం పొరపాటున కూడా అనడు. ఆ చదువులో ఆయనకు కమీషను లేదు. బీఈడీ 2015 దాకా ఏడాది కోర్సు, ఇప్పుడు రెండేళ్లు. అంటే ఆయన రెండేళ్ల మంత్రం అక్షరాలా సరిపోయే చదువు ఇదే. కాకపోతే కోర్సు అయ్యాక టెట్, టెట్ అయ్యాక డీఎస్సీ. ఆ డీఎస్సీ ఎప్పుడు వస్తుందో ఏ పంచాంగమూ చెప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో 1998 డీఎస్సీ రాసి, కోర్టుల చుట్టూ తిరిగి, ఉద్యోగం కోసం కాచుకున్న వేలమందిని తీసుకోవాలని సర్కారు నిర్ణయించింది 2022లో. అదీ కాంట్రాక్టు పద్ధతిలో. అప్పటికి చాలామందికి యాభై దాటింది. వాళ్లు చదివిన నాటికి బీఈడీ ఒక్క ఏడాదే.