ఘటోత్కచుడి మీసం ఎవరు గొరిగారు?

పాత సినిమా బొమ్మ ఏ డిస్కులో బాగుందన్న వాదన తెలుగు ఇళ్లలో సాధారణంగా నలుగురి మధ్య నడుస్తుంది. మొదటివారు క్యాసెట్టు మామగారు: తాను కుర్రతనంలో చూసిందే అసలు బొమ్మని నమ్ముతారు. రెండోవారు ఫోర్‌కే అల్లుడుగారు: అంకె పెరిగితే అందం పెరిగినట్టే అంటారు. మూడోవాడు డిస్కుల వర్తకుడు: ఇద్దరికీ ఒకే సరుకును రెండు అట్టల్లో అమ్ముతాడు. నాలుగోవారు ల్యాబు పెద్దాయన: ఫిల్మును చేత్తో పట్టుకున్నవారు కాబట్టి ఆయన్ని అందరికంటే చివర అడుగుతారు. వాదనకు గీటురాయి 1957 నాటి ‘మాయాబజార్’. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లీది కనుక బొమ్మ బాగా లేదంటే తప్పు ఆయనది కాదని నలుగురూ ఒప్పుకుంటారు. ఏకాభిప్రాయం అంతటితో సరి.

వాదన మొదలయ్యేది గీతల లెక్కతో.

అల్లుడు: మామయ్యగారూ, మీ క్యాసెట్టులో నిలిచేది సుమారు 240 గీతల వివరం. నా టీవీలో 2160 వరసలు. వచ్చింది శశిరేఖో, మాయా శశిరేఖో మీ క్యాసెట్టులో తెలుస్తుందా అండీ?

మామగారు: సినిమాలో లక్ష్మణకుమారుడికే తెలియలేదు, క్యాసెట్టును అంటారేమండీ అల్లుడుగారూ?

వర్తకుడు: మధ్యలో వీసీడీ ఒకటుంది సార్. 352 బై 288. మూడు గంటల సినిమా మూడు డిస్కులు. రెండోది గీరుకుపోయి ఉండటం ఆనవాయితీ.

మామగారు: అందులో ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరే లడ్డూలు చూసి మా పిల్లలు మైసూర్‌పాక్ అనుకున్నారు.

పెద్దాయన: అనుకోరూ మరి! వీసీడీ బొమ్మను చిన్న చిన్న చదరాలుగా కోసి కుదిస్తుంది. కదలిక ఎక్కువైన చోట సర్దడానికి చోటు చాలక ఆ చదరాలు పైకి తేలతాయి. గుండ్రటి లడ్డూ నలుపలకలవుతుంది.

గీతల తరవాత మూలం సంగతి వస్తుంది. అసలు ముందు రావలసింది ఇదే.

వర్తకుడు: కొత్త సరుకు చూడండి సార్, ఫోర్‌కే. అట్ట మీద బంగారు అక్షరాలు.

పెద్దాయన: దేన్నుంచి తీశావోయ్?

వర్తకుడు: డీవీడీ నుంచి.

పెద్దాయన: డీవీడీ దేన్నుంచి?

వర్తకుడు: టేపు నుంచి. టేపు అరిగిన ప్రింటు నుంచి. ప్రింటు ఎవరిదో అడక్కండి సార్, పాపం ఆయన లేరు.

పెద్దాయన: వినండి అల్లుడుగారూ. కెమెరాలో తిరిగింది నెగటివ్. దాన్నుంచి మాస్టర్ పాజిటివ్, దాన్నుంచి డూప్ నెగటివ్, దాన్నుంచి హాల్లో ఆడే ప్రింటు. మెట్టు మెట్టుకీ కొంత వివరం రాలిపోతుంది. డీవీడీలో 720 బై 576 చుక్కలు, ఫోర్‌కేలో 3840 బై 2160. సరిగ్గా 20 రెట్లు. అంటే మీరు చూసే ప్రతి 20 చుక్కల్లో డిస్కు ఇచ్చింది ఒకటి, మిగతా 19 యంత్రం ఊహించినవి. పలచటి మజ్జిగను గంగాళంలో పోస్తే పెరుగవుతుందా?

అల్లుడు: మరి పునరుద్ధరణ అంటే?

పెద్దాయన: ‘పథేర్ పాంచాలీ’ నెగటివ్ 1993లో లండన్ ల్యాబులో మంటల పాలైంది. కాలిన చుట్టల్లో పనికొచ్చే భాగాన్ని ఇటలీలోని బోలోన్యాలో చేత్తో బాగుచేసి స్కాన్ చేశారు. పోయిన చోట వేరే కాపీలు వెతికి పూడ్చారు. 2015లో బొమ్మ బయటికొచ్చింది. వాళ్లు ఊహించలేదు, వెతికారు.

మూడోది బొమ్మ ఆకారం.

అల్లుడు: నలుపు తెలుపు కంటే 2010 జనవరిలో వచ్చిన రంగుల సినిమాస్కోప్ మాయాబజారే నయం. తెర నిండా ఉంటుంది.

పెద్దాయన: దాదాపు నలుచదరంగా తీసిన బొమ్మతో అడ్డ తెర నింపాలంటే రెండే దారులు. సాగదీయాలి, లేదా పైనా కిందా కోయాలి. రెండోదైతే కిరీటమో పాదాలో, ఏదో ఒకటి వదులుకోవాలి.

మామగారు: మా రోజుల్లో పక్కలు కోసేవాళ్లు. 1974 ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో మొదటి సినిమాస్కోప్. పాత టీవీ నిండా పరిస్తే విల్లు మా ఇంట్లో, బాణం పక్కింట్లో.

పెద్దాయన: లెక్క కడితే ఆ కోతలో నూటికి 43 వంతులు పోతాయి. క్యాసెట్టుతో ఇంకో చిక్కు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మన టీవీ పద్ధతి 25. ఫ్రేముకు ఫ్రేము ఎక్కించేస్తే మూడు గంటల సినిమా 7 నిమిషాల ముందే అయిపోతుంది, శ్రుతి కూడా కాస్త పైకెక్కుతుంది.

మామగారు: అయితే నలభై ఏళ్లుగా ఆ పాటలు నేను తప్పు శ్రుతిలో పాడుతున్నానా?

అల్లుడు: అది క్యాసెట్టు తప్పు కాదులెండి మామయ్యగారూ.

నాలుగోది గ్రెయిన్, అంటే ఫిల్ము రేణువుల సంగతి. తగువు ముదిరేది ఇక్కడే.

అల్లుడు: బ్లూరేలో తెర నిండా ఇసుక కదులుతోంది. నా టీవీలో ‘నాయిస్ తగ్గింపు’ పూర్తిగా పెట్టాను. ఇప్పుడు అద్దంలా ఉంది, చూడండి.

తెర మీద ఘటోత్కచుడు నవ్వుతుంటాడు. బుగ్గలు కొత్త స్టీలు బిందెలా మెరుస్తున్నాయి. మీసంలో వెంట్రుకలు లేవు, తారు పూసినట్టు ఒక నల్లటి పట్టీ ఉంది.

పెద్దాయన: ఆ ఇసుకే బొమ్మండీ. నలుపు తెలుపు ఫిల్ములో మీరు చూసే ముఖమంతా వెండి రేణువులే. యంత్రానికి రేణువుకీ వెంట్రుకకీ తేడా తెలియదు. రెండూ సన్నగానే ఉంటాయి, రెంటినీ తుడిచేస్తుంది. మీది టీవీ తుడుపు కాబట్టి మీట నొక్కితే పోతుంది. డిస్కు తయారీలోనే తుడిచేస్తే ఇంక ఏ మీటా లేదు. 2010లో హాలీవుడ్ ‘ప్రిడేటర్’ బ్లూరే అలాగే మైనపు బొమ్మల కొలువై అభాసుపాలైంది.

చివరిది పోల్చే పద్ధతి. రెండు డిస్కుల్లోనూ ఒకే ఫ్రేము దగ్గర ఆపాలి. టీవీ మెరుగులన్నీ తీసేయాలి. వెలుగు, రంగుల అమరిక రెంటికీ ఒకటే ఉండాలి. కుదించినప్పుడు ఒక ఫ్రేము నిండుగా, పక్క ఫ్రేము అరకొరగా నిలుస్తుంది గనుక ఒక్క బొమ్మతో తీర్పు చెప్పకుండా పది చోట్ల చూడాలి. అంచుల్లో ఏం పోయింది, వెంట్రుక, బట్ట నేత, నీడలో వివరం నిలిచాయా అన్నది గమనించాలి. అట్టను మాత్రం చూడకూడదు.

పెద్దాయన చెప్పినట్టే అల్లుడుగారు మీటలన్నీ తీసేస్తారు. ఇసుక తిరిగి వస్తుంది. దాంతోపాటు మీసం కూడా, వెంట్రుక వెంట్రుకగా.

మామగారు: ఇదీ! హాల్లో చూసింది ఇదే! క్యాసెట్టులో కూడా ఇలాగే ఉంటుంది.

వర్తకుడు: దీనికి ‘అసలు మీసం ఎడిషన్’ అని అట్ట వేయిస్తాను సార్.

పెద్దాయన చెప్పులేసుకుని గుమ్మం దాటుతారు. అల్లుడుగారు రిమోట్ అందుకుని ‘నాయిస్ తగ్గింపు’ మళ్లీ పూర్తిగా పెట్టుకుంటారు.