బిందెలతో బంగాళాఖాతం

మాది ఓడలరేవు. ఒక పక్క వైనతేయ, ఎదురుగా బంగాళాఖాతం. ఇలాంటి ఊళ్లో ఉంటూ ఇంట్లో మంచినీళ్ల తొట్టిలో గోల్డ్‌ఫిష్‌లు, మోలీలు పెంచడం, కాశీలో ఉండి కుళాయి కింద స్నానం చేసినట్టనిపించింది. ఆ తొట్టిని సముద్రం చేసి, తెల్లచారల నీమోని తిప్పాలనుకున్నాను. 2003 నాటి నీమో సినిమాని మనవరాలు నాకు ఇరవైసార్లు చూపించిన ఫలితం.

మా ఆవిడ ఒక్కటే అడిగింది, "కూరకొస్తుందా?" అని. రాదన్నాను. "పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ నీమోని కొనమన్లేదు" అనేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

తొట్టి 150 లీటర్లు. సముద్రంలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. అంటే అయిదుంపావు కిలోలు. వంటింటి ఉప్పు చాలదు, మెగ్నీషియం, కాల్షియం లాంటివి కూడా ఉండాలి. అన్నీ కలిపిన ప్యాకెట్ ధర అమలాపురంలో ఒక కొట్లో చెప్పారు. గుమ్మం ముందు సముద్రం పెట్టుకుని ఉప్పు కొనడమా! పది బిందెలు మోశాను. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు, "ఏటండి మాస్టారూ, మీ ఇంటికాడికి సముద్రం రాలేదాండీ?" అన్నారు.

పక్కింటి వనామీ రొయ్యల రైతు, చెరువులో ఉప్పు కొలవడానికి వాడే సెలినిటీ మీటర్ పట్టుకొచ్చాడు. చుక్క వేసి, వెలుతురుకేసి పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"తొమ్మిదొచ్చిందండి."

"ఎంత రావాలి?"

"ముప్పై అయిదండి."

ముప్పయ్యేళ్లు పేపర్లు దిద్దినవాణ్ణి. ముప్పై అయిదు పాస్ మార్కని నాకు చెప్పాలా? సాక్షాత్తూ సముద్రమే ఫెయిలయింది!

"ఆయ్, ఆగస్టు కదండీ" అన్నాడతను. వరద గోదారి మంచినీళ్లు తేలికగనక మొగ దగ్గర సముద్రం మీద పొరలా తేలతాయట. నేను తోడింది ఆ పొరని. ఈ వరదనీటి కోసమే పులస సముద్రం వదిలి గోదారికి ఎదురెక్కుతుంది. దానికి మీటర్ అక్కర్లేదు. నేనేమో బిందెలతో ఆ దారికి అడ్డంగా నిలబడ్డాను.

సంక్రాంతి దాటాక, పున్నమి పోటు మీద మళ్లీ మోశాను. ముప్పై ఒకటి. మిగతా నాలుక్కీ ఆ ప్యాకెట్ ఉప్పే గ్రేస్ మార్కులుగా కలిపాను.

గోల్డ్‌ఫిష్‌లని అంతకుముందే ఎదురింటి పిల్లలకి ఇచ్చేశాను. ఉప్పునీళ్లు వాటి ఒంట్లోని నీరంతా బయటికి లాగేస్తాయి, మాగాయ ముక్కలు ఊట వదిలినట్టు. తొట్టిలోని మొక్కలు కుళ్లిపోయాయి. అవి తీసేశాక తొట్టి నెలన్నర ఖాళీగానే ఉంది. చేపలు విడిచే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ముందు పెరగాలి మరి. ఇంటికొచ్చినవాళ్లు "చేపలేవండీ?" అంటే, "ప్రస్తుతం బ్యాక్టీరియాని పెంచుతున్నానండి" అనేవాణ్ణి. ఆ తర్వాత మా ఇంట్లో కాఫీ తాగడం కొందరు మానేశారు.

అంతా సిద్ధమయ్యాక నీమో జత ధర కనుక్కున్నాను. ఆ అంకె వినగానే మా ఆవిడ పుస్తెలు పైట కింద దాచుకుంది.

పాత చేపల్లో మోలీలకి మాత్రం ఉప్పు పడుతుంది, కాస్త కాస్తగా అలవాటు చేస్తే సముద్రపు నీళ్లలోనూ బతుకుతాయి. ప్లాస్టిక్ టబ్బులో ఉంచి వాటికి రోజూ కొంచెం ఉప్పు పెంచుతూ వచ్చాను.

ఇప్పుడు తొట్టిలో సరిగ్గా ముప్పై అయిదు ఉప్పుంది. నాలుగు నల్ల మోలీలు తిరుగుతున్నాయి. మంచినీళ్లప్పుడు ఉన్న ఆ నాలుగే.