లేనిదానికి ధర కట్టే మామ

అనంతపురం జిల్లా బెళుగుప్ప మండలంలో ఎక్కడైనా పాత మిద్దె కూలగొడుతున్నారంటే జేసీబీ కంటే ముందు అక్కడ ఒక మోటార్ సైకిల్ నిలబడి ఉంటుంది. దానికి రెండు పక్కలా గోనెసంచులు వేలాడుతుంటాయి. దాని యజమానిని గుజిరీవాడంటే నొచ్చుకుంటాడు. గుజిరీవాడు ఇత్తడిని తూకమేసి గాజును ఊరికే పట్టుకుపోతాడు, ఈయన గాజును చూసి నిట్టూరుస్తాడు. ఊళ్లో ఈయన పేరు యాంటిక్ మామ. ఉరవకొండకొక మామ, కల్యాణదుర్గానికొక మామ ఉంటారు, సరిహద్దుల తగాదా కూడా ఉంటుంది.

మొన్న ఒక అవ్వ ఇంట్లో ఆయన కంట కిరసనాయిలు దీపం పడింది. పాలగాజు బుడ్డి, దాని మీద చేత్తో వేసిన గులాబీలు, కింద ఇత్తడి పీఠం. ఇలాంటి దీపాలకు బుడ్డి మీది పూలే పైన ఉండే గాజు గుండు మీద కూడా ఉండాలి. జోడు కుదిరితేనే అసలు విలువ. ఇక్కడ గుండు లేదు, చిమ్నీ లేదు, వత్తిని తిప్పే మర కూడా లేదు.

కొనేటప్పుడు మామ వైద్యుడు. తడి రుమాలుతో గులాబీని రుద్దాడు. కొలిమిలో కాల్చిన రంగు ఊడదు, పైపైన పూసిందైతే గుడ్డకు అంటుకోవచ్చు. అంటుకోలేదు. ఆ సంతోషం బయటపడకుండా దగ్గాడు.

"యేముందవ్వా దీంట్లో? నిండుగా ఉంటే పదివేలు ఇచ్చేవాణ్ణి. తల ల్యాదు, ఆరు వేలు తీసెయ్. గొంతు ల్యాదు, రెండు వేలు. మర ల్యాదు, పదైదునూర్లు. మిగిలింది ఐదునూర్లు. అదీ నీ మొగం చూసి."

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకుని, అదీ సమయానికి రాని నేలలో బుడ్డలు విత్తే మనుషులకు లేనివాటి లెక్క కొత్తేమీ కాదు. అవ్వ తలూపింది.

అమ్మేటప్పుడు అదే మామ చరిత్రకారుడు. బెంగళూరు ఆసామికి వీడియో కాల్ చేసి, టెంకాయ అరచేతిలో పెట్టుకుని బోరు పాయింటు చూపేవాడి ధీమాతో మొదలుపెట్టాడు. "బళ్లారి దండులో తెల్లదొర బంగళాది సార్. మన జిల్లా పుట్టింది 1882లో. అప్పటికే ఇది వెలుగుతా ఉండాది." ఆ దొర ఎవరో దీపానికి కూడా తెలియదు.

"పైన గుండు లేదు కదండీ?"

"అదే సార్ దీని గొప్ప! కొత్త గుండు తగిలించి మోసం చేసేవాళ్లు శానామంది. ఇది చెయ్యి పడని సరుకు. అమెరికాలో దీన్ని గాన్ విత్ ద విండ్ దీపం అంటారు."

ఈ ఒక్క మాటా నిజం. 1939లో వచ్చిన గాన్ విత్ ద విండ్ సినిమాలో కనబడిన పుణ్యాన ఈ రకం దీపాలకు ఆ పేరు అంటుకుంది. తమాషా ఏమంటే, కథ 1860లలో నడుస్తుంది, దీపాలేమో ఆ తర్వాతి కాలానివి. హాలీవుడ్‌లో కూడా మామలుంటారన్న మాట.

బెంగళూరాయన కొంచెం చదువుకున్నవాడు. "నూరేళ్లు దాటితే 1972 చట్టం ప్రకారం పురావస్తువు. ఆ వ్యాపారానికి లైసెన్సు కావాలి. మీకుందా?"

దీపానికి అక్కడికక్కడే యౌవనం వచ్చింది. "అయ్యో, తొంభై ఎనిమిదేళ్లు సార్, పక్కాగా." దొర, బంగళా, 1882 ఎటు పోయాయో మళ్లీ ప్రస్తావనకు రాలేదు. బేరం పద్దెనిమిది వేలకు తెగింది.

కొన్నాళ్లకు అవ్వ కబురు పెట్టింది. గాదె వెనక గుండు దొరికిందట, పగులు లేదు, అవే గులాబీలు. మామ రెక్కలు కట్టుకుని వచ్చాడు. వస్తూనే మళ్లీ వైద్యుడైపోయి, గుండును అటూ ఇటూ తిప్పి పెదవి విరిచాడు.

"దీపం ల్యాని గుండు యెవురికి గావాలవ్వా? రెన్నూర్లు ఇస్తా."

అవ్వ గుండును తన ఒళ్లోకి లాక్కుంది. "తలకు ఆరు వేలని ఆ పొద్దు నువ్వే గదప్పా తీసేసింది. ఇదో తల. ఆరు వేలు తియ్యి."