కొలవకుండా పట్టిన గుత్త

మాది హవేలిఘనపూర్, మెదక్ పట్నం పక్కనే. ఇంట్లో కూర్చునే కంపెనీలకు మాన్యువళ్లు రాస్తాను. ఏ బటన్ ఎప్పుడు నొక్కాలి, ఎర్ర లైటు వెలిగితే ఏం చేయాలి, ఇలాంటివి. ఈ పనిలోకి వచ్చిన మొదటి ఏడాది చేసిన తెలివితక్కువ పని ఇన్నాళ్లూ అమ్మకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

హైదరాబాద్ కంపెనీ ఒకటి, నీళ్లు పరీక్షించే యంత్రానికీ దాని సాఫ్ట్‌వేర్‌కూ కలిపి మాన్యువల్ కావాలంది. ‘సుమారు 80 పేజీలు, మొత్తానికి ఎంత తీసుకుంటారు?’ అన్నారు. యంత్రాన్ని నేను చూడలేదు. సాఫ్ట్‌వేర్ ఇంకా తయారవుతోందని తెలుసు. అయినా వంద గంటలు చాలనుకుని, 60,000 అని తెల్లారే ఫోన్ చేశాను. మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. నాకు అనుమానం రాలేదు, సంతోషం వచ్చింది.

నేను రాస్తూనే ఉన్నాను, అక్కడ స్క్రీన్లు మారుతూనే ఉన్నాయి. మెనూలో ఒక్క పేరు మారితే చాలు, అది కనబడే స్క్రీన్‌షాట్లన్నీ మళ్లీ తీయాలి, బాణాలు మళ్లీ గీయాలి, అంకెలు మళ్లీ వేయాలి. క్యాలిబ్రేషన్ అధ్యాయం ఒక్కటే నాలుగుసార్లు తిరగరాశాను. రివ్యూ చేసేది ముగ్గురు. ఒకరు తీసేయమన్నది ఇంకొకరు పెట్టమనేవారు. ఎన్ని రివ్యూలని ముందు అడగనిది నేనే, వాళ్లననలేను. చివరికి 142 పేజీలు, 310 గంటలు. గంటకు రెండొందలు కూడా పడలేదు.

పేజీకి ఎన్ని గంటలో లెక్కగట్టి ధర చెప్పే పద్ధతి ఈ వృత్తిలో పాతదే. జోఆన్ హ్యాకోస్ 1994లోనే దాని గురించి పుస్తకం రాశారు. ఆ పుస్తకం నాకు తెలియదు, సరే. మా పొలం తెలుసు కదా!

అమ్మ నాట్లకు పోయేది. గుత్త మాట్లాడే ముందు వాళ్ల గుంపు పెద్దమ్మ చీర ఎగగట్టి మడిలోకి దిగేది. బురద మోకాలి దాకా వస్తుందా, పిక్క దాకానా అని చూసేది. నారుమడి ఎంత దూరం, నారు పీకి మోసేది ఎవరు, గుంటలెన్ని, అన్నీ తేలాకే ఎకరానికి ఇంత అనేది. ఏదైనా తేలకపోతే కైకిలికే, అంటే రోజు కూలికే వస్తామనేది. ఉపాధి హామీలో నాన్న మట్టి తవ్వినప్పుడూ అంతే, మెత్తటి నేలకు ఒక రేటు, గట్టి నేలకు ఇంకో రేటు, టేపు పట్టి కొలత. ఇవన్నీ చూస్తూ పెరిగినవాణ్ణి, మడిలో కాలు పెట్టకుండానే గుత్త పట్టాను.

రెండో తప్పు ఇంకా సిగ్గుపడాల్సింది. దెబ్బ తిన్నాక, ఇక గంటల లెక్కేనని పట్టుబట్టాను. వచ్చిన పనికి పాత టెంప్లేట్లు సరిగ్గా సరిపోయాయి. చేయి తిరిగింది, పని త్వరగా అయ్యేలా ఉంది. త్వరగా అయితే డబ్బు తగ్గుతుంది. అరగంటలో అయ్యే విషయసూచికకు గంటన్నర కూర్చున్నాను. టైమ్‌షీట్‌లో రాసింది అబద్ధం కాదు, కూర్చున్న మాట నిజమే. కానీ ఆ గంట నాది కాదు. ఆ డబ్బు ఇప్పటికీ నా మనసులో మెదులుతుంది.

అమ్మకు చెబితే తిట్టలేదు. ‘గుత్తకు పోతే నాటు పల్చనైతది, కైకిలికి పోతే పొద్దు సాగుతది. రెండిట్ల మనిషి నియ్యతే ఉండాలె బిడ్డా’ అంది.

ఇప్పుడు మొదటి రెండు అధ్యాయాలు గంటల లెక్కన రాస్తాను. బురద ఎంత లోతో అక్కడ తెలుస్తుంది. మిగతాది గుత్త. పేజీలెన్ని, స్క్రీన్‌షాట్లెన్ని అన్నది కాగితం మీద ఉంటుంది. రివ్యూలు రెండే. ఆ పైన ఏది మారినా మళ్లీ గంటల లెక్క. మొన్న ఒక కంపెనీ ఈ షరతుకు ఒప్పుకోలేదు. మంచి పనే, డబ్బూ అవసరమే. అయినా వదులుకున్నాను.