బిల్లు కట్టాక జబ్బెక్కడిది?

మన ఆస్పత్రుల లెక్కలో రొమ్ము క్యాన్సర్ బిల్లు కౌంటర్ దగ్గరే నయమైపోతుంది. రసీదు మీద ముద్ర పడింది, కుట్లు ఎండుతున్నాయి, ఇక జబ్బెక్కడిది? అక్కడి నుంచి జరిగేదంతా వైద్యం కాదు, సంసారం.

అసలు ఎంత కొయ్యాలన్నది తేలేది వరండాలో. భర్త, బావమరిది, పెద్దల్లుడు కూడబలుక్కుని "ఎందుకొచ్చిన గొడవ, మొత్తం తీసేయండి సార్" అని తీర్మానిస్తారు. పేషెంటును ఏమీ అడగలేదనకండి, మత్తు ఇచ్చేముందు పేరు, వయసు అడిగారు. నూరేళ్లకు పైగా కిందట అమెరికాలో సర్జన్ హాల్‌స్టెడ్ గారు రొమ్ముతోపాటు ఛాతీ కండరాలూ, చంకలో గ్రంథులూ ఊడ్చేసేవారు. ఎంత ఎక్కువ కోస్తే అంత క్షేమమని లోకం దశాబ్దాలు నమ్మింది. తొలిదశలో గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షేమీ తగ్గదని అక్కడి సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ బృందం 1985లో తేల్చింది. ఇరవై ఏళ్లు గమనించి 2002లో మళ్లీ అదే చెప్పింది. ఆ కబురు మన వరండా దాకా రాలేదు. వరండాలో వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం లెండి, రేడియేషన్ మిషనున్న ఊళ్లో వారాల తరబడి గది అద్దె కట్టడంకన్నా కోతే చవక. మొత్తం తీయక తప్పనివాళ్లూ ఉంటారు. ఆ మాట చెప్పాల్సింది డాక్టరు, బావమరిది కాదు.

ఇంటికొచ్చాక చంక కింద ట్యూబు, దాని చివర డ్రెయిన్ డబ్బా. నైటీ లోపల గుడ్డసంచీలో దాన్ని దాచుకుని, రోజూ ఎన్ని మిల్లీలీటర్ల నీరు దిగిందో కూతురి పాత నోట్సులో రాసుకోవాలి. చూడ్డానికొచ్చిన పిన్ని హార్లిక్స్ సీసా బల్ల మీద పెట్టి, "ఏదో చిన్న గడ్డటగా" అంటుంది. గర్భసంచీ ఆపరేషన్ గురించి పెళ్లి పందిట్లో కూడా చెప్పుకునే మనం రొమ్ము దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గిస్తాం.

తర్వాత తీసిన రొమ్ము చోట దూది ఉండలు పెట్టుకునే కాలం. దూదికి బరువుండదు, పైకి జారుతుంది. రోజంతా పమిట సర్దుకోవడమే పని. సిలికాన్ రొమ్ము కావాలంటే "ఈ వయసులో సోకెందుకు?" అంటారు, బాగా చదువుకున్నవాళ్లే. సర్జరీతో రొమ్మును తిరిగి చేయించుకుందామంటే బీమా రాదంటారు. అందం కోసం చేసే సర్జరీకి రాదు, నిజం. క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి మాత్రం ఆ అభ్యంతరం వర్తించదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధనే చెబుతోంది. పాలసీ అమ్మినాయన ఆ వాక్యం దాకా చదవలేదు కాబోలు.

చంకలో గ్రంథులు తీసినవాళ్లలో కొందరికి నెలలకో, ఏళ్లకో చెయ్యి వాస్తుంది. గాజులు ఎక్కవు, జాకెట్టు చేతికుట్టు విప్పాల్సి వస్తుంది. దీన్ని లింఫెడీమా అంటారు. త్వరగా పట్టుకుంటే బిగుతు స్లీవు, కట్లు, వ్యాయామంతో అదుపులో ఉంటుంది. ఆపరేషన్ తర్వాత బిగుసుకున్న భుజం సాగడానికి గోడ మీద వేళ్లు పైపైకి పాకించాలి. ఖర్చు సున్నా. గోడ అందరిళ్లలోనూ ఉంది, చూపించే మనిషే లేడు. మందుల చీటీలో ప్రొటీన్ పౌడరు డబ్బా మాత్రం మరిచిపోరు.

ఇక రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసమని అక్టోబరులో గులాబీ టీషర్టులు, గులాబీ దీపాలు, సెల్ఫీలు. ముందుగా పరీక్ష చేయించుకోమని గుర్తుచేయడం మంచిదే. నవంబరులో చెయ్యి వాచినావిడ సైజుకు మాత్రం టీషర్టు కుట్టలేదు.

అమ్మా, డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టగానే లేవకండి. డ్రెయిన్ ఎప్పుడు తీస్తారు, చేతికి వ్యాయామం ఎవరు నేర్పుతారు, వాపొస్తే ఎవరికి చూపించాలి, ఈ మూడూ అడగండి. జవాబు వచ్చేదాకా మంచం ఖాళీ చేయకండి. మంచం కావలసినవాళ్లే జవాబు వెతికి తెస్తారు.