పల్నాటి గోథా: దరఖాస్తులు ఆహ్వానించడమైనది

పల్నాటిలోని మాచర్ల నియోజకవర్గం తమ వంశానికి దక్కవలసినదేనని ఈ వారం ఒక నాయకుడు బహిరంగ సభలో సెలవిచ్చిన మాటపై పత్రికల్లోనూ టీ కొట్ల వద్దా కావలసినంత చర్చ జరిగిపోయింది గనుక, ఆ మాటలను ఇక్కడ తిరిగి ఉదహరించవలసిన పని లేదు. ప్రజాస్వామ్యంలో వంశమేమిటని ఆక్షేపించినవారు మాత్రం తొందరపడ్డారనే చెప్పాలి. తండ్రి పోయిన రైతు ఎకరం పొలం తన పేరిట మార్చుకోవడానికి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం పట్టుకొని తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరుగుతున్న చోట, నియోజకవర్గం మొత్తానికి వారసులమనేవారు ఒక్క కాగితమైనా దాఖలు చేయకుండా కేవలం మైకు ఆధారంగా హక్కు పొందడమే ఇందులోని అసలు లోపం. లోపం కాగితానిది కాబట్టి దానిని సవరించడం సులభం.

ఈ విషయంలో ఐరోపా ప్రభువంశాలు ఎంతో ముందుచూపు చూపాయి. జర్మనీలోని గోథా పట్టణంలో 1763లో మొదలై 1944 వరకు వెలువడిన గోథా పంచాంగం, ఏ వంశంలో ఎవరు పుట్టారో, ఎవరిని పెండ్లాడారో, ఎవరు గతించారో ఏటేటా నమోదు చేసిన గ్రంథం. అందులో పేరు లేనివాడు ఎంత పెద్ద కోటలో నివసించినా ప్రభువుల దృష్టిలో సామాన్యుడే. దానిని మూడు భాగాలుగా విభజించారు. మొదటి భాగంలో సింహాసనస్థులైన రాజవంశాలూ, మూడవ భాగంలో ఇతర ప్రభువులూ ఉండగా, రెండవ భాగాన్ని రాజ్యం పోగొట్టుకున్న జర్మన్ వంశాలకు కేటాయించారు. 1806 నాటికి చిన్న సంస్థానాలను పెద్ద రాజ్యాలు మింగివేసినప్పుడు, నేల పోయినవారికి కనీసం మర్యాద మిగలాలని, వియ్యానికి వీరు రాజవంశాలతో సమానులేనని 1815లో ఒడంబడికలోనే రాసుకున్నారు. ఇదే పద్ధతిలో పల్నాటి గోథా వెలువడితే, మొదటి భాగంలో అధికారంలో ఉన్న వంశాలూ, రెండవ భాగంలో మాజీలూ, టికెట్ చేజారి ఇన్‌ఛార్జి పదవితో సరిపెట్టుకున్నవారూ, మూడవ భాగంలో ఇసుక, మద్యం, కాంట్రాక్టులు తలా ఒకటి పంచుకున్న బామ్మర్దులూ సుఖంగా ఇమిడిపోతారు. మూడవ భాగమే అన్నిటికంటే లావుగా ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు.

పట్టిక తరువాత కావలసినది వంశచిహ్నం. ఇనుప శిరస్త్రాణంతో ముఖం కప్పుకొన్న యోధుడు ఎవరో యుద్ధంలో గుర్తుపట్టడానికి అతని డాలుపై చిత్రించిన గుర్తే క్రమంగా వంశచిహ్నమైంది. ఒకరి గుర్తును మరొకరు వాడుకోకుండా చూసే చిహ్నశాల లండన్‌లో 1484 నుంచి ఉంది. మాచర్లలో ఈ శాస్త్రం ఇప్పటికే ఫ్లెక్సీ రూపంలో వర్ధిల్లుతున్నది. పైభాగాన మబ్బుల మధ్య తాతగారు, ఆయన భుజం పక్కన తండ్రిగారు, నడుమ నిలువెత్తున చేతులు జోడించిన వారసుడు, అడుగున పాస్‌పోర్టు ఫోటోల వరుసలో ఫ్లెక్సీ ఖర్చు భరించినవారు: ఇంత కచ్చితమైన అంతస్తుల క్రమం హాబ్స్‌బర్గ్ వంశీయుల డాళ్లమీద సైతం కనిపించదు. పందెం కోడి, మిరపకాయ, నాపరాయి చేర్చి ఆమోదముద్ర వేయడమే తరువాయి.

చిక్కంతా మూలపురుషుడి వద్ద వస్తుంది. శ్రీనాథుడిదిగా ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్ర ప్రకారం మాచర్లను ఏలినది హైహయ వంశం. ఉత్తరాది నుంచి వచ్చిన అనుగురాజు వెలనాటి చోళులకు అల్లుడై పల్నాటిని అరణంగా, అంటే కూతురితో పాటు మామగారిచ్చిన కానుకగా పొందాడు; ఆ నేలను కుమారులు పంచుకోగా నలగామరాజుకు గురజాల, మలిదేవుడికి మాచర్ల దక్కాయి. కాబట్టి మాచర్లపై వంశహక్కుకు మూలపత్రం కోరితే, చేతికి వచ్చేది వలస వచ్చిన అల్లుడి కట్నపు పత్రమే. పోనీ, మాచర్ల పక్షాన నిలిచిన మంత్రి బ్రహ్మనాయుడినే మూలపురుషుడిగా రాయించుకుందామంటే చిక్కు మరింత ముదురుతుంది. ఆయన కొడుకు బాలచంద్రుడు ఆ అన్నదమ్ముల మధ్య జరిగిన కారెంపూడి యుద్ధంలో చనిపోయాడు. మిగిలిన బ్రహ్మనాయుడు గద్దెను నలగాముడికే విడిచి గుత్తికొండ బిలానికి వెళ్లిపోయాడని కథ. గెలిచి కూడా తనవాళ్లను గద్దెనెక్కించని మనిషిని గోథాలోని ఏ భాగంలో చేర్చాలో తేల్చడం ఏ అధికారికీ సాధ్యం కాదు.

పైగా ఐరోపాలో కొన్ని వీరసంఘాల ప్రవేశానికి పదహారు వాటాల రుజువు అడిగేవారు. ముత్తాతల, ముత్తవ్వల తలిదండ్రులు పదహారుగురూ ప్రభువంశీకులేనని చూపాలని దాని అర్థం. పల్నాటిలో ఆ రుజువు కుదరదు: బ్రహ్మనాయుడు పెద్దకొడుకుగా స్వీకరించి సేనాధిపత్యం అప్పగించిన కన్నమదాసు మాల కులస్థుడు. అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన చాపకూడు ఆ ఇంటిదే. కారెంపూడి వీరులగుడిలో ఏటా కార్తిక అమావాస్యకు మొదలై అయిదు రోజులు సాగే ఉత్సవాల్లో, మందపోరు అని పిలిచే రోజున, ఆ చాపకూడును నేటికీ వడ్డిస్తారు. వేర్వేరు కులాల కుటుంబాలు తమ వీరుల ఆయుధాలను మోసుకొస్తాయి. పల్నాటికి వంశావళి అంటూ ఉంటే అది ఇదే. వేదికల మీద చెప్పుకొనే వంశమేదీ ఇందులోని పదహారు వాటాలకు నిలవదు.

అయితే ఆ కథలో ఒక్క ఘట్టాన్ని మాత్రం నేటి వారసులు శ్రద్ధగా కాపాడుతున్నారు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్లు నేల విడిచి వెళ్లవలసి వచ్చింది. ఇప్పుడు గడువు అయిదేళ్లు, పందెం ఎన్నిక. నాడు ఊరు విడిచినది పందెం కాసిన రాజు. నేడు వెళ్లేవాడు కౌలుకు మిరప వేసిన రైతు, బూత్‌లో ఏజెంటుగా కూర్చున్న కుర్రవాడు, వారి వెంట చంటిబిడ్డల తల్లులు. 2019లో ఒక పక్షంవారు వెళ్లారు, 2024లో రెండవ పక్షంవారు వెళ్లారు. ఇంటికి తాళం, కోతకొచ్చిన పంట చేలోనే, బడి మానిన పిల్లలు, ఓటరు కార్డు మీద మాత్రం అడుగు పెట్టలేని ఊరి పేరు. ఇరుపక్షాల వంశాలలో ఏ ఒక్కటీ ఇంతవరకు ఒక్క పూట ఊరు విడిచి ఉండలేక ఏడ్చిన దాఖలా లేదు. వారికి హైదరాబాద్‌లో ఇళ్లున్నాయి. వారి కోసం కర్ర పట్టినవాడికి జైలు, కర్ర తిన్నవాడికి ఆసుపత్రి, వారికి వంశం. ఇది సిగ్గుమాలినతనం, దీనికి వేరే పేరు వెతకనక్కరలేదు. డాలుపై గుర్తు ముఖం కప్పుకొన్నవాడిని పోల్చుకోవడానికి పుట్టింది గనుక, రాత్రివేళ ముఖాలకు గుడ్డలు చుట్టుకొని ఆ ఇళ్ల మీదికి వచ్చినవారు ఎవరి మనుషులో ఊళ్లో పసిపిల్లలు సైతం చెప్పగలిగినా, ఎఫ్‌ఐఆర్‌లో మాత్రం ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని రాసే చోట, చిహ్నశాల అవసరం నిజంగానే ఉంది.